చరిత్ర – చరిత్రాభాసము



కొన్ని సంవత్సరముల క్రిందట దివిసీమలోని ఒక గ్రామమునుండి ఆలయ ధర్మకర్తలు మా యింటికి విచ్చేసిరి. జీర్ణోద్ధరణ పూర్తియైనదనియు, కుంభాభిషేకమునకు ముహూర్తము నిశ్చయమైనదనియు, ముఖమండపమున చలువరాతిపై ఆలయచరిత్రను చెక్కింపదలచితిమనియు చెప్పి, ఒకమాఱు చూచి తప్పులు దిద్దవలెనని ఒక కాగితము మా చేతికిచ్చిరి. ఆ స్వామిని జనమేజయ మహారాజు క్రీస్తుపూర్వము ఫలానా సంవత్సరమున ప్రతిష్ఠించెనని అందులో నుండెను. సంవత్సరమే కాదు, మాసము, తిథి, వారము కూడ వ్రాసియుండిరి. ఆధారమేమని అడిగితిమి. ప్రక్క ఊరి ఆలయమువారి పుస్తకములో అట్లే యున్నదనిరి.

తరువాత వారితో ఆ గ్రామమునకు వెళ్లితిమి. ధ్వజస్తంభమునకు ప్రక్కగా నిలిచియున్న రాతిపలక యొకటి కనబడెను. దానికి నీలిరంగు పెయింటు మందముగా పూయబడియుండెను. వ్రేలితో తడవి చూడగా రంగు క్రింద అక్షరముల గీతలు తగిలినవి. అర్చకస్వామి తండ్రిగారు మిక్కిలి వృద్ధులు. "అది శాసనమండీ. మా చిన్నతనమున కొన్ని అక్షరములు కనబడుచుండెడివి. స్వామికి దీపము పెట్టుటకు ఎవరో గొఱ్ఱెల నిచ్చిరని మా తాతగారు చెప్పెడివారు" అని వారనిరి.

నిజమైన చరిత్ర రంగు క్రిందను, కల్పించిన చరిత్ర చలువరాతిమీదను! ఆనాడు మా మనస్సునకు కలిగిన ఖేదమే నేటి ఈ ప్రసంగమునకు మూలము.

ఆభాసమనగానేమి?

న్యాయశాస్త్రమును చదివినవారికి హేత్వాభాసమను మాట సుపరిచితము. హేతువు కాకయే హేతువువలె కనబడునది హేత్వాభాసము. కొండమీది పొగమంచును చూచి, అది పొగయని తలచి, కొండపై నిప్పున్నదని నిర్ణయించిన వానికి కన్నులున్నవి, తర్కమున్నది, వాక్యనిర్మాణమున్నది. హేతువు మాత్రము లేదు. అట్లే చరిత్ర కాకయే చరిత్రవలె కనబడునది కూడ ఒకటి కలదు. దానిని మేము చరిత్రాభాసమని పిలుచుచున్నాము. అందులోను రాజుల పేర్లుండును, సంవత్సరములుండును, శ్లోకములుండును. పైకి రెంటికిని భేదము కనబడదు. కావుననే దానిని గుర్తెఱుగుట కష్టము. అది పామరులను మాత్రమే మోసగించునని తలపరాదు. పండితులను కూడ మోసగించును. మమ్ములను మోసగించినది.

మేము నడచిన త్రోవ

పాఠశాలలో చదువు ముగించి ప్రవచనములు చెప్పుట కారంభించిన కాలమున, అనగా సుమారు అర్ధశతాబ్దము క్రిందట, మాకు కోట వెంకటాచలముగారి గ్రంథములు లభించినవి. ఆయన మన విజయవాడలో నివసించి, తెలుగున 'కలిశక విజ్ఞానము'ను, 1953లో ఆంగ్లమున 'ది ప్లాట్ ఇన్ ఇండియన్ క్రోనాలజీ' అను గ్రంథమును, 1957లో ప్రాచీన హిందూచరిత్ర కాలనిర్ణయముపై మఱియొక గ్రంథమును ప్రకటించిరి. వారి పరిశ్రమ అసామాన్యము. దేశభక్తి నిష్కళంకము. పాశ్చాత్యులు మన చరిత్రను కుట్రపూర్వకముగ కుదించిరనునది వారి సిద్ధాంతము.

వారి గణితము వినసొంపుగ నుండును. భారతయుద్ధము క్రీ.పూ. 3138. అటుపిమ్మట మగధనేలిన బార్హద్రథులకు 1006 సంవత్సరములు, ప్రద్యోతులకు 138, శిశునాగులకు 360, నందులకు 100, మౌర్యులకు 316, శుంగులకు 300, కాణ్వులకు 85, ఆంధ్రులకు 506. వీనినన్నిటిని వరుసగ తీసివేయగా క్రీ.పూ. 327 వచ్చును. అది అలెగ్జాండరు మన దేశముమీదికి దండెత్తి వచ్చిన కాలము. కావున యవనులు పేర్కొనిన సాండ్రకొట్టసు మౌర్య చంద్రగుప్తుడు కాడు, గుప్తవంశపు చంద్రగుప్తుడు. మౌర్య చంద్రగుప్తుడు క్రీ.పూ. 1534 నాటివాడు. బుద్ధుడు క్రీ.పూ. 1887లో జన్మించెను.

ఈ లెక్కను మేము కంఠస్థము చేసితిమి. కృష్ణాతీరమున ఎన్నియో గ్రామములలో సభలయందు చెప్పితిమి. జనులు చప్పట్లు చరచిరి. మాకును గర్వముగ నుండెడిది. ఒకనాడు సభానంతరమున ఒక పాఠశాలోపాధ్యాయుడు మా చెంతకు వచ్చి, వినయముగ, "అయ్యా! మౌర్యులకు 316 ఏండ్లని ఏ పురాణములో నున్నది? చూచి చెప్పగలరా?" అని అడిగెను. పురాణములలో నున్నదని చెప్పి పంపితిమి. కాని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఏలయన, మేము పురాణమును తెఱచి చూడలేదు. ఇతరులు చూచిరని నమ్మితిమి.

పురాణమే ఇచ్చిన సమాధానము

మఱునాడు విష్ణుపురాణమున చతుర్థాంశమును తెఱచితిమి. మౌర్యులకు 137 సంవత్సరములు, శుంగులకు 112, కాణ్వులకు 45, ఆంధ్రులకు 456. మొత్తము 750. వెంకటాచలముగారి లెక్కలో ఈ నాలుగు వంశములకు 1207. అనగా 457 సంవత్సరములు అధికము. భాగవతమును చూచితిమి. అందును మౌర్యులకు 137 ఏండ్లే. కాణ్వుల విషయమున 345 అను సంఖ్య భాగవతమున కలదు. కాని కాణ్వులు నలుగురే. నలుగురు రాజులు 345 ఏండ్లు పాలించిరనుట కంటె విష్ణుపురాణపు 45 సంవత్సరములే యుక్తమని ఎవరికైనను తోచును.

పరీక్షిజ్జననమునుండి నందాభిషేకమువఱకు విష్ణుపురాణమున 1015 ఏండ్లు, భాగవతమున 1115 ఏండ్లు. కొన్ని ప్రతులలో 1500 అను పాఠాంతరమును కలదు. ఒకే శ్లోకమున ఒక సంఖ్యాపదము మాఱుటచే నాలుగైదు వందల ఏండ్ల భేదము వచ్చినది. వేదమును పదముగను, క్రమముగను, జటగను, ఘనముగను వల్లించి అక్షరము తొలగకుండ కాపాడుకొనిన పూర్వులు పురాణములకు అట్టి కట్టుబాటు నేర్పఱుపలేదు. కావున పురాణసంఖ్యలను ప్రతులు సరిచూడక గ్రహింపరాదు.

భారతయుద్ధకాలమును గూర్చియే పూర్వులలో ఏకాభిప్రాయము లేదు. క్రీ.శ. 634-35 నాటి ఐహొళె శాసనమున రవికీర్తి భారతయుద్ధము మొదలు 3735 ఏండ్లు గడచినవని లెక్కించెను. అది క్రీ.పూ. 3102కు సరిపడును. పన్నెండవ శతాబ్దిలో కాశ్మీరమున రాజతరంగిణిని రచించిన కల్హణుడు కలియుగమున 653 ఏండ్లు గడచిన పిమ్మటనే కౌరవపాండవులుండిరని వ్రాసెను. అది క్రీ.పూ. 2449. కల్హణుని పాశ్చాత్యు డెవ్వడును కొనలేదు గదా! మన పూర్వులే పరస్పరము భేదించుచుండగా, భేదించిన వానినెల్ల కుట్రదారుడనుట ఎంతవఱకు న్యాయము?

మఱి 316, 300, 85, 506 అను సంఖ్యలు ఎక్కడివి? అవి 'కలియుగరాజవృత్తాంతము' అను గ్రంథమునుండి వచ్చినవి. అది భవిష్యోత్తరపురాణ భాగమని చెప్పబడినది. ప్రసిద్ధ చరిత్రకారులు రమేశచంద్ర మజుందారుగారు దానిని 1944లో పరీక్షించి, విశ్వసింపదగినది కాదనియు ఆధునిక కల్పనయనియు నిర్ణయించిరి. పందొమ్మిదవ శతాబ్దిలో ముద్రలు, నాణెములు బయల్పడిన పిదపగాని లోకమునకు తెలియని గుప్తరాజుల వివరములు అందులో కనబడుచున్నవి. వెంకటాచలముగారు దానిని కల్పించిరని మేమనుట లేదు. వారు నమ్మిరి, మేమును నమ్మితిమి. మనకు ప్రియమైన మాట చెప్పినందున సాక్షిని ప్రశ్నింపక విడిచితిమి. దోషమంతయు అక్కడనే యున్నది.

శిలలు పలుకు సాక్ష్యము

పురాణములను విడిచి శిలలకడకు వత్తము. మన రాష్ట్రముననే కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడియందు అశోకుని పదునాలుగు శిలాశాసనములు కలవు. వానిలో పదమూడవది అయిదుగురు యవనరాజులను పేర్కొనును: అంతియోకుడు, తురమాయుడు, అంతికిని, మకుడు, అలికసుందరుడు. సిరియా, ఈజిప్టు, మాసిడోనియా మొదలగు దేశముల నేలిన ఈ రాజులు క్రీ.పూ. మూడవ శతాబ్ది మధ్యకాలమున నుండిరని యవనుల గ్రంథములు, నాణెములు చెప్పుచున్నవి. ఆ యవన రచయితలకు మన పురాణములు తెలియవు. మన శాసనమును చెక్కిన శిల్పికి వారి గ్రంథములు తెలియవు. ఒకరినొకరు ఎఱుగని ఇద్దరు సాక్షులు ఒకే మాట చెప్పిరి. అది చాలదన్నట్లు, 1958లో ఆఫ్ఘనిస్థానమందలి కాందహారువద్ద అశోకుని శాసనము గ్రీకు, అరమాయిక భాషలలో లభించినది. అశోకుడు క్రీ.పూ. పదునైదవ శతాబ్దివాడైనచో ఆ గ్రీకు అక్షరములు అచ్చటికెట్లు వచ్చినవి? ఆ యవనరాజులు వేఱెవరో యని చెప్పక తప్పదు. అనగా ఒక కల్పనను నిలుపుటకు మఱియొక కల్పన కావలసివచ్చును.

విలియం జోన్సు సాండ్రకొట్టసును మౌర్య చంద్రగుప్తునిగ గుర్తించినది 1793లో. జేమ్సు ప్రిన్సెపు బ్రాహ్మీలిపిని చదివి అశోకుని శాసనములను వెలికి తెచ్చినది 1837 ప్రాంతమున. జోన్సు మరణించిన నలుబది యేండ్లకు పైగా గడచిన తరువాత దొరికిన సాక్ష్యము ఆయన ఊహను బలపఱచినది. కుట్ర పన్నినవాడు తాను చూడని శిలలపై ముందుగనే అక్షరములు చెక్కింపజాలడు.

ఇంకను మన చెంతకు వత్తము. ప్రయాగ స్తంభముపై సముద్రగుప్తుని విజయప్రశస్తి కలదు. అందు ఆయన జయించిన దక్షిణదేశపు రాజులలో కంచి విష్ణుగోపుడు, వేంగి హస్తివర్మ యున్నారు. వేంగి యనగా ఏలూరునకు చేరువనున్న నేటి పెదవేగియే. హస్తివర్మ శాలంకాయన వంశజుడు. ఆ వంశమువారి తామ్రశాసనములు లభించినవి. వాని లిపి క్రీ.శ. నాలుగైదు శతాబ్దులది. కుట్ర సిద్ధాంతము ప్రకారమైనచో హస్తివర్మ క్రీస్తునకు సుమారు మూడు శతాబ్దుల పూర్వమువాడు కావలెను. అప్పుడు మన ప్రాంతమున ఎట్టి అక్షరములు వ్రాయుచుండిరో చూపుటకు భట్టిప్రోలు స్తూపమున 1892లో దొరికిన ధాతుకరండముల వ్రాతలున్నవి. ఆ ప్రాచీన బ్రాహ్మికిని, శాలంకాయనుల లిపికిని తాతకు మునిమనుమనికి ఉన్నంత దూరము. ప్రయాగ స్తంభముననే అశోకుని అక్షరములును, సముద్రగుప్తుని అక్షరములును ఒకే రాతిపై నున్నవి. లిపి ఎంత మాఱినదో కన్నులున్న ప్రతివాడును చూడవచ్చును. అశోకుని నాటి గీత మాఱి మాఱి గుప్తుల నాటి అక్షరమగుటకు శతాబ్దులు పట్టినవి. మన డెల్టారైతు బావి త్రవ్వునపుడు ఒండ్రుపొరలను చూచి ఏది క్రిందిది, ఏది పైదియని చెప్పగలడు. లిపిశాస్త్రజ్ఞుడు చేయుపనియు అట్టిదే.

నిజమైన పరిశోధన లక్షణము

పాశ్చాత్యులు చెప్పినదెల్ల ప్రమాణమని మా తాత్పర్యము కాదు. పరాయిపాలనలో మన విద్యలకు జరిగిన అవమానము సత్యము. వారును ఊహలను నిశ్చయములవలె ప్రచారము చేసిరి. ఋగ్వేదము క్రీ.పూ. 1200 నాటిదని మాక్సుముల్లరు చెప్పిన లెక్క ఊహయే. ఆయనయే 1890 నాటికి వేదకాలమును నిశ్చయింపగలవారెవ్వరును లేరని ఒప్పుకొనెను. అయినను ఆ అంకె పుస్తకములలో నేటికిని తిరుగుచున్నది. ఆభాసమునకు తూర్పు పడమరల భేదము లేదు.

కాని నిజమైన పరిశోధనకు తనను తాను దిద్దుకొను గుణము కలదు. చీనాయాత్రికుడు హ్యూయన్‌త్సాంగు ఏడవ శతాబ్దిలో చూచిన ధాన్యకటక రాజధాని మన బెజవాడయేయని ఫెర్గూసను, సూయలు అను పండితులు 1880 ప్రాంతమున వాదించిరి. మన ఊరికి అది గొప్ప గౌరవము. అయినను అమరావతి శిలలపైననే ధాన్యకటకనామము కనబడుటచేత, అది ధరణికోట–అమరావతి ప్రాంతమేయని పండితలోకము నిర్ణయించినది. విజయవాడకు ఒక కీర్తి తగ్గినది. సత్యమునకు మాత్రము హాని కలుగలేదు.

అట్లే విజయవాడయందలి యుద్ధమల్లుని శాసనము తెలుగు పద్యశాసనములలో మిక్కిలి ప్రాచీనము. కార్తికేయునికి గుడి, మఠము కట్టించిన వృత్తాంతము అందు కలదు. జయంతి రామయ్యపంతులుగారు దానిని పరిష్కరించి ప్రకటించిరి. అది తొమ్మిదవ శతాబ్ది చివరిదని కొందఱును, పదవ శతాబ్దిదని కొందఱును తలచిరి. ఒకరినొకరు దేశద్రోహులనుకొనలేదు. ఏ యుద్ధమల్లుడు, ఏ అక్షరరూపము, ఏ వంశక్రమము అని ఆధారములతో వాదించిరి. మన పెనుగంచిప్రోలున జన్మించిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమాలను స్థాపించి తెలుగువారికి నేర్పినది ఈ మార్గమునే.

పెద్దలు చూపిన ఈ మార్గమునుండి నాలుగు లక్షణములను గ్రహింపవచ్చును. మొదటిది: సాక్షి యెవరు, ఎప్పటివాడు అని అడుగుట. రెండవది: ఒకరినొకరు ఎఱుగని సాక్షుల మాటలను సరిపోల్చుట. మూడవది: పూర్వపక్షమును దాచకుండుట. మన భాష్యకారులు ప్రతిపక్షి వాదమును అతనికంటె చక్కగ చెప్పిన తరువాతనే సిద్ధాంతమును చెప్పెడివారు. చరిత్రాభాసమున పూర్వపక్షముండదు, కుట్ర మాత్రముండును. నాలుగవది: మనకు ప్రియమైనది కాకపోయినను అంగీకరించుట. చరిత్ర చెప్పువాడు రాగద్వేషములు లేని న్యాయాధిపతివలె నుండవలెనని కల్హణుడు ఎనిమిది వందల యేండ్లకు పూర్వమే తెలిపెను.

విశ్వాసమునకు భయమేల?

"ఇట్లయినచో మా భక్తి యేమగును?" అని మీరడుగవచ్చును. ఇంద్రకీలాద్రిపై అర్జునుడు తపస్సు చేసి పాశుపతమును పొందెనని మన విశ్వాసము. కిరాతార్జున గాథను చెక్కిన ప్రాచీనస్తంభము అచ్చట కలదు. అది సుమారు వేయి సంవత్సరముల నాటిది. ఆ స్తంభము దేనిని రుజువు చేయును? అర్జునుడు ఫలానా సంవత్సరమున వచ్చెనని కాదు. వేయి యేండ్ల క్రిందటనే మన పూర్వులు ఈ కొండను ఆ కథతో కలిపి పూజించిరని రుజువు చేయును. అది అల్పమా? అంతకు మించి ఆ రాతిచేత చెప్పింపబూనుట రాతికి అపచారము.

అగ్ని వేడియని తెలియుటకు ప్రత్యక్షమే ప్రమాణము. దానిని శ్రుతివాక్యముతో తాఱుమాఱు చేయరాదని శంకరభగవత్పాదులు గీతాభాష్యమున స్పష్టపఱచిరి. వేదమునకు ప్రామాణ్యము ధర్మవిషయమున, బ్రహ్మవిషయమున. ఏ రాజు ఏ సంవత్సరమున పట్టాభిషిక్తుడయ్యెనను విషయమున ప్రమాణములు శాసనములు, నాణెములు, ప్రతులు. దేని పని దానికి విడిచినచో రెంటికిని గౌరవము. స్వామి మహిమకు క్రీస్తుపూర్వపు అంకె ఆధారము కాదు. ఆ అంకెను ఆధారము చేసినచో, రేపు అది అబద్ధమని తేలిననాడు మన పిల్లలు అంకెతోపాటు స్వామిని కూడ విడిచెదరు. మా భయము ఇదియే.

ఆ దివిసీమ గ్రామమున తరువాత జరిగినది చెప్పి ముగించెదము. ధర్మకర్తలు మొదట చిన్నబుచ్చుకొనిరి. "ప్రక్క ఊరివారికి అయిదువేల ఏండ్లు, మాకు ఏమియు లేదా?" అనిరి. మేము వారిని నిందింపలేదు. మా పాతలెక్క కథయంతయు వారికి చెప్పితిమి. వారు మంచివారు, ఆలోచించిరి. తెలిసినవారిని పిలిపించి, రాయి దెబ్బతినకుండ రంగు తీయించిరి. తడికాగితమును రాతిపై పఱచి, కుంచెతో కొట్టి, సిరా అద్ది నకలు తీసిరి. సంవత్సరమున్న పై భాగమున సుత్తిదెబ్బలు పడినవి. దాత పేరు సగము చెడినది. క్రింది పంక్తులు సిమెంటు గచ్చులో కూరుకొనిపోయినవి. మిగిలిన దానిలో, స్వామి అఖండదీపమునకు గొఱ్ఱెలను స్వీకరించి దినదినమును నేయి కొలిచి యిచ్చెదనని ఒప్పుకొనిన కాపరి పేరు మాత్రము స్పష్టముగ నిలిచెను.

జనమేజయుడు ఆ ఊరికి వచ్చెనో లేదో తెలియదు. ఆ కాపరి మాత్రము ఉండెను. ఆయన పోసిన నేతితో స్వామి సన్నిధిలో దీపము వెలిగెను. మనము ఆయనను పెయింటు పూసి తుడిచివేయబోతిమి. నేడు ఆ మండపమున రెండు పలకలున్నవి. ఒకదానిపై 'స్థలపురాణము' అను శీర్షిక క్రింద పెద్దలు చెప్పుకొను గాథ. రెండవదానిపై 'చరిత్ర' అను శీర్షిక క్రింద ఆ శాసనపాఠము, చివర "కాలము తెలియదు" అను మాట. ఆ మాటను చెక్కించుటకు కావలసిన ధైర్యము అయిదువేల ఏండ్లను చెక్కించుటకు అక్కఱలేదు.

కావున భక్తులారా! మీ ఊరి గుడిలో అక్షరములున్న రాయి కనబడినచో రంగు పూయకుడు, సున్నము కొట్టకుడు, సిమెంటుతో కప్పకుడు, మెట్టుగ వేయకుడు. ఛాయాచిత్రము తీసి పురావస్తుశాఖవారికి తెలియజేయుడు. కేంద్రప్రభుత్వ శాసనవిభాగము మైసూరులో కలదు. మీ ఆలయమును గూర్చి ఎవరైన సంవత్సరము చెప్పినచో, ఆ ఉపాధ్యాయుడు మమ్ములను అడిగినట్లు, ఎక్కడ నున్నదని వినయముగ అడుగుడు. అడిగినవానిపై కోపింపకుడు. మేము ఆనాడు ఆయనకు సమాధానము చెప్పక పంపితిమి. తరువాత ఎంత వెదకినను ఆయన మాకు కనబడలేదు. ఈ ప్రసంగమే ఆయనకు మేమిచ్చు సమాధానము.

స్వస్తి.